కుడికాలి పిక్క

"ఉరుకుతందుకు ఉన్న కాలు మెట్లెక్కుతందుకు లేదా?" అన్నాడు మా ఆయన కమలాకర్.

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. నేనడిగింది పెద్ద సాయమేమీ కాదు. బియ్యం బస్తా కింద స్కూటర్ మీద ఉంది, ఇరవై అయిదు కిలోలు. మేముండేది సూరత్‌లోని లింబాయత్‌లో లిఫ్ట్ లేని బిల్డింగ్, మూడో అంతస్తు. మా అబ్బాయి సుమన్‌ని లేపి కిందికి పంపమన్నాను. వాడు హజీరాలో ఒక కంపెనీలో ట్రైనీగా చేరి ఏడాదైంది, వారానికి ఒక్క ఆదివారమే సెలవు. లూమ్ కార్ఖానాలో మాస్టర్‌గా చేసే మా ఆయనకూ ఒక్క ఆదివారమే సెలవు. సలాబత్‌పురాలో చీరల చెకింగ్ చేసే నాకూ ఆదివారమే సెలవు కాబట్టి నేనే కిందికి వెళ్లి బస్తా భుజానికెత్తుకున్నాను. ఆ పొద్దున అప్పటికే ఇరవై నాలుగు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చాను. ఆ ఇరవై నాలుగు కిలోమీటర్లలో కాలికి ఏమీ కాలేదు. రెండో అంతస్తు మలుపులో కుడికాలు పై మెట్టు మీద పెట్టి బరువంతా దానిమీద వేసినప్పుడు, పిక్క లోపల ఏదో దారం తెగినట్టయింది. గోడకు ఆనుకుని పది లెక్కపెట్టాను. మిగతా మెట్లన్నీ ఎడమకాలు ముందు వేసి ఎక్కాను. బియ్యం డబ్బాలో పోశాను, పప్పు కుక్కర్ పెట్టాను, ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణముంది. ఆ పిక్క పట్టేయడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ చెప్పాను.

నేను పరుగు మొదలుపెట్టి నాలుగేళ్లయింది. షుగర్ అంచు దాకా వచ్చిందని, రోజూ నడవమని డాక్టర్ అంటే కెనాల్ రోడ్డు మీద నడిచేదాన్ని. అక్కడ పరిచయమైంది ఉషాదేవి. తుని దగ్గరి ఊరామెది. యాభై దాటిన మనిషి, ఇడ్లీ దోసెల టిఫిన్ సెంటర్ నడుపుతుంది. ఒంటరిగా ఉంటుంది. భర్త ఉన్నాడో లేడో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. "ఏమ్మా, నడిస్తే ఆలోచనలొస్తాయి, పరిగెడితే రావు, రా" అంది ఒక రోజు. వెళ్లాను. మొదటిసారి ఆగకుండా పది కిలోమీటర్లు పరుగెత్తిన రోజు నాకు గర్వంగా ఏమీ అనిపించలేదు. గంటా ఇరవై నిమిషాల పాటు నన్నెవరూ ఏదీ అడగలేదని మాత్రం అనిపించింది. నీళ్లు, తువ్వాలు, చార్జర్, చాయ, ఉప్పు తక్కువైందన్న మాట, ఏదీ లేదు. అలాంటి గంటా ఇరవై నిమిషాలు నా పెళ్లయ్యాక ఎప్పుడైనా ఉందా అని వెతికాను. కాన్పు రోజు ఆపరేషన్ థియేటర్‌లో ఉండి ఉంటుంది. అప్పుడు నాకు మత్తిచ్చారు.

మా ఇంట్లో పరుగు వద్దనలేదు. ఇది చెప్పకపోతే వాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. ఆరు గంటల పది నిమిషాలకు హజీరా కంపెనీ బస్సు వీధి చివర ఆగేసరికి సుమన్ చేతిలో టిఫిన్ డబ్బా ఉంటే, ఏడింటికి మా ఆయన ముందు చాయ ఉంటే, మా అత్త వెంకటవ్వ స్నానానికి నీళ్లు వేడెక్కి ఉంటే, పరుగుకు ఎవరూ అడ్డం కాదు. అందుకే నేను నాలుగింటికి లేచేదాన్ని. ఇరవై ఒక్క కిలోమీటర్ల పోటీ పూర్తిచేసి మెడల్ తెచ్చిన రోజు మా ఆయన దాన్ని ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. కార్ఖానాలో అందరికీ చూపించాడట. ఆయన దోస్తులు నన్ను మారథాన్ వదిన అనడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం ఆయన నాతో అన్న మాట కూడా గుర్తుంది: "మంచిగున్నది గని, ఇయ్యాల కూరల కారం ఎక్కువైంది."

మొదటిసారి పిక్క పట్టేసింది రెండేళ్ల కింద. డాక్టర్ దగ్గరికి వెళ్తే మూడు వారాలు పరుగొద్దన్నారు. ఇంటికొచ్చి చెప్పాను. మా అత్త, "ఉరికితె గట్లనే అయితది మరి" అంది. మా ఆయన, "పోనీ, ఇగ పొద్దుగాల ఇంట్లనే ఉంటవు గద" అన్నాడు. ఆ పొద్దుటి గంటన్నర ఖాళీగా కనిపించేసరికి ఇంట్లో ఉన్న పనులన్నీ దాంట్లోకి వచ్చి చేరాయి. అటకలు దులిపాను. పరుపుల గలీబులు ఉతికాను. ఆవకాయ పెట్టాను. మూడు వారాలయ్యాక రోడ్డెక్కితే పిక్క మొదటి రోజు ఎంత నొచ్చిందో అంతే నొచ్చింది. రెండోసారి పోయినేడు. నాలుగు వారాల విశ్రాంతి. ఆ నాలుగు వారాల్లో మా ఆడబిడ్డ కూతురి ఫంక్షన్ మా ఇంట్లోనే పెట్టుకున్నారు, నేను ఖాళీగానే ఉన్నాను కదా అని. యాభై మందికి వంట. చివర్లో మా ఆడబిడ్డ నా చేతులు పట్టుకుని, "నీ కాలు నొచ్చుడు మాకు కలిసొచ్చింది వదినా" అంది. ప్రేమగానే అంది.

అందుకే మూడోసారి చెప్పలేదు. చెబితే రెండు జరుగుతాయి: చెప్పినం గదా అంటారు, నా పొద్దుట గంటన్నర పోతుంది. ఇంట్లో కుంటకుండా నడవడం నేర్చుకున్నాను. అది కష్టమేమీ కాదు, అడుగులు చిన్నవిగా వేసి, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక గిన్నె పట్టుకుంటే మనిషి ఎలా నడుస్తోందో ఎవరూ చూడరు. వీధి మలుపు తిరిగాక కుంటేదాన్ని.

పనిచేసే చోట నిలబడాలి. చీరను పొడవాటి బల్ల మీద లాగుతూ మరకలు, తెగిన పోగులు, రంగు తేడాలు చూసి సుద్దతో గుర్తు పెట్టాలి. రోజుకు ఎనిమిది గంటలు. మడతలు పెట్టే మగవాళ్లు పరుపు మీద కూర్చుని పెడతారు, చెకింగ్ చేసే ఆడవాళ్లం నిలబడి చేస్తాం. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ పన్నెండేళ్లుగా అడగలేదు. పిక్క మూడోసారి పట్టేసిన వారం ఇంటి నుంచి ప్లాస్టిక్ స్టూల్ ఒకటి తీసుకెళ్లి దానిమీద కూర్చుని పని చేశాను. శేఠ్ రెండుసార్లు అటు నుంచి ఇటు వెళ్లాడు. మూడోసారి ఆగి, "బెన్, బైఠ్‌కే దాగ్ నహీ దిఖ్తా" అన్నాడు. కూర్చుంటే మరకలు కనబడవట. ఆ పూట నేను పట్టుకున్న మరకల చీరలు పక్కన కుప్పగా ఉన్నాయి. వాటివైపు చూపించాను. ఆయన కుప్పను చూశాడు, స్టూల్‌ను చూశాడు. మర్నాడు నేను వెళ్లేసరికి ఆ స్టూల్ మీద టేబుల్ ఫ్యాన్ ఉంది.

ఉషక్కే నన్ను డాక్టర్ హిమశ్రీ దగ్గరికి తీసుకెళ్లింది. ఉషక్క అప్పటికి టిఫిన్ సెంటర్‌ను వేసూ ప్రాంతానికి మార్చేసింది. హిమశ్రీ అక్కడికి రోజూ టిఫిన్‌కు వచ్చే అమ్మాయి. కాకినాడలో చదివి, సూరత్‌లో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపీ చేస్తోంది. ముప్పై ఉండవు. పిక్క మీద వేలు పెట్టి నొక్కుతూ, "పదికి ఎంత నొప్పండీ?" అని అడిగింది. నొప్పికి అంకె ఉంటుందని నాకు తెలియదు. ఆరు అన్నాను. ఆమె నా మొహం చూసి, "మీరు ఆరంటే ఎనిమిది అనుకుంటాను" అని రాసుకుంది. తర్వాత నా చేతికున్న వాచీ అడిగింది. అది ఉషక్కది. రెండేళ్ల కింద కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చింది. ఎన్ని అడుగులు నడిచామో అందులో రోజువారీగా ఉంటుంది. ఆమె పోయినేటి దాకా వెనక్కి జరుపుతూ వెళ్లింది.

"ఇవి ఏ రోజులండీ? నాలుగు వారాలు, రోజూ పద్దెనిమిది వేలు, పందొమ్మిది వేలు అడుగులు ఉన్నాయి."

"అవి రెస్ట్ తీసుకున్న రోజులు మేడమ్."

"రెస్ట్‌లో ఏం చేశారు?"

"ఏం జేయలే. ఇంట్లనే ఉన్న."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అడిగినప్పుడు నా నోటికి వచ్చింది అదే. ఆమె వాచీ పక్కన పెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక్కొక్కటీ చెప్పమంది. చెప్పాను. నీళ్ల మోటారు వేయడానికి కిందికి, ఆపడానికి కిందికి. పాలకు కిందికి. చెత్తకు కిందికి. నిలబడి వంట, నిలబడి గిన్నెలు, గొంతుక్కూర్చుని బట్టలు. ఎనిమిది గంటలు బల్ల దగ్గర. మళ్లీ వంట. మా ఇంట్లో నేను కూర్చునేది ఎప్పుడు అని ఆమె అడిగితే ఆలోచించాల్సి వచ్చింది. బస్సులో సీటు దొరికితే, అన్నాను. ఉషక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. హిమశ్రీ వాచీ తిరిగి నా చేతికిచ్చింది. "విజయరాణి గారూ, మీ కాలిని పరుగు పాడుచేయట్లేదండి. రెస్ట్ పాడుచేస్తోంది. ఈసారి మీవారిని తీసుకురండి" అంది.

మా ఆయన వచ్చాడు. రమ్మంటే రాని మనిషి కాదు. కుర్చీ ముందుకు లాక్కుని, నేను నోరు తెరవకముందే, "మీరన్న చెప్పుండ్రి మేడం. ఉరుకుడు బంద్ చెయ్యమని. మేం చెప్తె ఇనది" అన్నాడు. ఆ అమ్మాయి తడబడలేదు. పరుగు మెల్లగా మొదలుపెట్టవచ్చని, నెల రోజులు మాత్రం మెట్లు, నిలబడటం, బరువులు తగ్గాలని చెప్పింది. నీళ్లు, పాలు, సరుకులు వేరేవాళ్లు చూసుకుంటే చాలు, పిక్క మానుతుందంది. మా ఆయన అంతా విన్నాడు. "ఇంట్ల పనేమున్నది మేడం? మిక్సీ ఉన్నది, గ్యాస్ ఉన్నది. నలుగురం పెద్దోళ్లం, సతాయించే పిలగాండ్లు గూడ లేరు" అన్నాడు. ఆయనకు అది నిజంగానే కనబడలేదని నాకు ఆ రోజు అర్థమైంది. ఇరవై ఏళ్లుగా దాస్తున్నాడనుకునేదాన్ని. దాయడానికి ముందు చూడాలి కదా.

స్కూటర్ మీద తిరిగి వచ్చాం. మా వీధిలోకి తిరిగాక, "గా పోరికి పెండ్లయినట్టు లేదు" అన్నాడు. పాల ప్యాకెట్లు రెండు రోజులు తెచ్చాడు. మూడో రోజు మర్చిపోయాడు, నేను కిందికి దిగాను.

అయినా నెలలో పిక్క సగం కుదుటపడింది. అది నా మొండితనం. మడమలెత్తి దించే కసరత్తు పప్పు ఉడికేంతసేపు చేసేదాన్ని, పొయ్యి దగ్గరే. చపాతీ కర్రతో పిక్క మీద పైకీ కిందికీ రుద్దుకునేదాన్ని. మా అత్త ఒకసారి అది చూసి, "రొట్టెల కట్టె కాళ్లకు ముట్టిస్తున్నదిరా ఇది" అని కేక వేసింది. అప్పటి నుంచి సీసా వాడాను. మా అత్తకు డెబ్బై దాటాయి. లూమ్‌ల కార్ఖానాలో ముప్పై ఏళ్లు దారం చుట్టే కండెల మిషన్ దగ్గర నిలబడి పనిచేసిన మనిషి. ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు, కట్నం మాట ఎత్తలేదు. నా కాలు నొప్పి ప్రస్తావన వస్తే మాత్రం ఆమె గొంతు మారేది. "ఆడిదాని కాలు నొచ్చుడు గూడ ఒక ముచ్చట్నేనా? దానికి డాక్టరా? దానికి వాచీనా?" అనేది. ఆమెకు నా పరుగంటే మంట అనుకున్నాను. అలా అనుకుని ఊరుకున్నాను.

డిసెంబర్ నాటికి ఎనిమిది కిలోమీటర్లు, జనవరికి ఇరవై, ఆ నెలాఖరు ఆదివారం ముప్పై. ఫిబ్రవరిలో నలభై రెండు కిలోమీటర్ల పోటీ. ఆరున్నర గంటల్లో పూర్తి చేయాలి. హిమశ్రీ ఒక్కటే మాట తీసుకుంది. నొప్పి అయిదుకు వస్తే ఆగిపోవాలి. "ఆరు అనిపించే దాకా చూడకండి. మీ ఆరు సంగతి నాకు తెలుసు" అంది. సరేనన్నాను.

పోటీకి ముందు రోజు మా ఆయన, "రేపు పరమేశ్వర్ వాళ్లను తిననీకె పిలిచిన. పదకొండింటి వరకు వస్తవు గద?" అన్నాడు. పరమేశ్వర్ ఆయన కార్ఖానా దోస్తు. రేపు నా పోటీ అని ఆయనకు తెలుసు. తెలిసే పిలిచాడు, ఎందుకంటే పోటీ పొద్దున, భోజనం మధ్యాహ్నం. ఆయన లెక్కలో వాటి మధ్య ఇబ్బందేమీ లేదు.

పోటీ అయిదింటికి మొదలైంది. ఉషక్కా నేనూ పక్కపక్కనే పరుగెత్తాం. చలి కొద్దిగా ఉంది, డూమస్ రోడ్డు మీద దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. మొదటి ఇరవై కిలోమీటర్లు చెప్పుకోవడానికేమీ లేదు, బాగున్నాయి. ఇరవై ఎనిమిది దగ్గర పిక్క గుర్తుచేసింది. రెండు అనుకున్నాను. ముప్పై ఒకటి దగ్గర మూడు. ఉషక్క నా అడుగుల చప్పుడు మారిందని కనిపెట్టి, "ఎంత?" అంది. మూడు అన్నాను. ముప్పై మూడు దాటాక ఒక చిన్న ఫ్లైఓవర్ ఎక్కుడు ఉంది. అక్కడ కుడికాలు నేలను తోస్తున్న ప్రతిసారీ లోపల ఏదో విడిపోతున్నట్టు స్పష్టంగా తెలిసింది. అయిదు. అయిదు కాదని నాకు నేను చెప్పుకోవచ్చు. అలా చెప్పుకోవడంలో నాకు ఇరవై ఏళ్ల అనుభవముంది. ఇంకా తొమ్మిది కిలోమీటర్లు, నడిచినా సమయానికి చేరతానేమో, మెడల్ వస్తుంది, స్టేటస్ పెట్టుకుంటారు. ఆగిపోయాను. ఉషక్కను ఆగవద్దన్నాను. ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్లిపోయింది.

రోడ్డు పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నన్ను ఎవరో ఆపితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేనుగా ఆగితే ఎలా ఉంటుందో తెలియదు. అది చూసుకుంటూ కూర్చున్నాను. నన్ను దాటి పోతున్నవాళ్లలో ఒకావిడ ఎవరో గుజరాతీలో ఏదైనా కావాలా అని అడిగింది. వద్దన్నాను. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేశాను.

"కాలు పట్టేసింది. ఆగిపోయిన."

"చెప్పిన గదనే" అన్నాడు మా ఆయన. వెంటనే గొంతు తేలికైంది. "సరే మంచిదే అయింది, జల్ది వస్తవు. మటన్ తెచ్చి పెట్టిన."

పోటీవాళ్ల వ్యాన్ నన్ను మొదలైన మైదానానికి చేర్చింది. అక్కడి మెడికల్ టెంట్‌లో హిమశ్రీ ఉంది. పిక్క పట్టి చూసింది, పాదం పైకి వంచింది. ఈసారి ఆరు వారాలు అంది. "విజయరాణి గారూ, ఈసారీ అదే రెస్ట్ అయితే ఇక కండ మానదండి. మానకుండానే గట్టిపడిపోతుంది. తర్వాత మెట్లు కూడా కష్టమే." గట్టిగా కట్టు కట్టింది. రెండు చంకకర్రలిచ్చింది.

నేను వెళ్లి ఆ మటన్ వండాను. దాచాల్సిన సంగతేమీ కాదు. కర్రలు తలుపు వెనకాల పెట్టి, గోడకు నడుము ఆనించి వండాను. పరమేశ్వర్ పిల్లలతో సహా వచ్చాడు. "ఏం వదినా, గెలిచినవా?" అన్నాడు. "నడిమిట్లనే ఆగిపోయింది" అన్నాడు మా ఆయన. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు గుర్తు. పరమేశ్వర్ భార్య మాత్రం నవ్వలేదు. కంచం పట్టుకుని వంటింట్లోకి వచ్చి నా కట్టును చూసింది, తన కంచం తనే కడిగి పెట్టి వెళ్లింది. భోజనాలయ్యాక సుమన్ తలుపు వెనక కర్రలు చూసి, "మమ్మీ, యే కిస్కా హై?" అన్నాడు. నావేనన్నాను. వాడు వాటిని ఒకసారి చంకల కింద పెట్టుకుని గది చుట్టూ తిరిగి, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

మర్నాడు పొద్దున మా ఆయన చాయ తాగేదాకా ఆగి చెప్పాను.

"డాక్టర్ ఆరు వారాలు చెప్పింది. నేను ఉషక్క తాన ఉంట. ఆమె దుకాణం ఎనక అర్ర ఉన్నది. మెట్లు లేవు."

"ఆరు వారాలు ఉరుకొద్దన్నదా? ఉరుకకు. దానికి ఇల్లిడిసి పోవుడేంది?"

"ఇంట్ల ఉంటె నిలవడాలె."

"మరి ఇల్లు?"

"ఇంటికేం కాలేదు. నా కాలుకైంది."

ఆయన కప్పు కింద పెట్టాడు. మా అత్త వైపు చూశాడు. ఆమె తలుపు దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమె నా వైపు చూడకుండానే, "మేం గూడ కాళ్లతోనే బతికినం. నొచ్చిందని ఎన్నడు ఇల్లిడిసిపోలేదు" అంది. శేఠ్‌కు ఫోన్ చేసి ఆరు వారాలు రానన్నాను. వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. పెట్టుకోమన్నాను. రెండు జతల బట్టలు సంచిలో వేసుకుని, ఆటో పిలుచుకుని వెళ్లిపోయాను. ఇది వినడానికి ఏదో సాహసంలా ఉంటుంది. అప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. మెట్లు ఎక్కువున్నాయని మాత్రం అనిపించింది.

ఉషక్క అర్రలో ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ ఉన్నాయి. కాలు దిండు మీద పెట్టి పడుకునేదాన్ని. ఆమె ఖాళీగా ఉంచలేదు, కూర్చోబెట్టి ఉల్లిపాయలు ఒలిపించేది. కానీ ఒకసారి కూర్చున్నాక మళ్లీ లేవమనేది కాదు. మొదటి మూడు రోజులు ఎవరైనా గిన్నె చప్పుడు చేస్తే నా ఒళ్లు దానంతటదే లేచేది. నాలుగో రోజు లేవడం మానింది. వాచీలో ఆ రోజు తొమ్మిది వందల అడుగులు. ఇంటి నుంచి ఫోన్లు వచ్చేవి. మిక్సీ జార్ ఎక్కడుంది, మోటారు స్విచ్ ఎటు, పోపుకు ఏది ముందు. చెప్పేదాన్ని. ఎప్పుడొస్తవు అని మా ఆయన రోజూ అడిగేవాడు. వారాలు లెక్కచెప్పేదాన్ని. ఇల్లెలా నడుస్తోందని మాత్రం నేను అడగలేదు. వాళ్ల కష్టం వాళ్లకు తెలియాలనుకున్నాను. వాళ్లు అంటే నా మనసులో మా ఆయనా సుమనూ మాత్రమే.

ఎనిమిదో రోజు పదకొండింటికి టిఫిన్ సెంటర్ ముందు షేర్ ఆటో ఆగింది. అందులోంచి మా అత్త దిగింది, చేతిలో గుడ్డ సంచి. ఆమె ఒంటరిగా లింబాయత్ దాటి రావడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను తీసుకుపోవడానికే వచ్చిందనుకున్నాను, ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. ఆమె లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. నా కట్టు చూసింది. దిండు చూసింది.

"వాడు నన్ను పొద్దుగాల లేపి చాయ అడిగిండు" అంది. "నువ్వు పోయిన తెల్లారి సంది. నీళ్లు నేనే, పాలు నేనే. మూడు మాల్ల మెట్లు ఎక్కుడు దిగుడు. పోరనికి డబ్బ గూడ నేనే కడుతున్న."

నేను వదిలేసి వచ్చిన పని గాలిలో ఉండిపోదని, అది ఇంట్లో ఉన్న ఇంకో ఆడమనిషి మీద పడుతుందని నాకెందుకు తట్టలేదో తెలియదు. ఎనిమిది రోజులుగా కిటికీ పక్కన పడుకుని నేను నేర్పుతున్న పాఠం డెబ్బై ఏళ్ల మనిషి నేర్చుకుంటోంది. ఆమె వంగి, చీర కుచ్చెళ్లు మోకాలి దాకా పైకి లాగింది.

ఎడమకాలు. మోకాలి కింది నుంచి మడమ దాకా నరాలు వేలెడు లావున మెలికలు తిరిగి ఉన్నాయి. మడమ పైన చర్మం నల్లబడి, పాత చీర పీలికతో కట్టిన కట్టు ఉంది. పీలిక మీద పసుపు, తడి. పుండు. ఇరవై ఏళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆమె స్నానానికి నీళ్లు నేనే పెట్టాను. ఆ కాలు నేనెప్పుడూ చూడలేదు. చీర నేల దాకా ఎందుకు కడుతుందని అడగలేదు.

"ఎన్నేండ్ల సంది అత్తమ్మా?"

"కండెల మిషిన్ కాడ నిలవడ్డప్పటి సంది. పుండు ఈ నడుమనే."

"చెప్పలేదేంది?"

"నువ్వు చెప్తివి గద. ఏమన్నరు?" అంది. కుచ్చెళ్లు కిందికి వదల్లేదు. "నేను గూడ అంటి."

ఉషక్క గుమ్మంలో నిలబడి విని, లోపలికెళ్లి ఒక ప్లేట్‌లో రెండు ఇడ్లీలు తెచ్చి ఆమె చేతికిచ్చింది. హిమశ్రీకి ఫోన్ చేశాను. అది తన పని కాదని, రక్తనాళాల డాక్టర్‌కు చూపించాలని, తనే సాయంత్రం తీసుకెళ్తానని చెప్పింది. మా అత్త ఇడ్లీ తింటూ అంతా వింది. తన కాలు గురించి ముగ్గురు మనుషులు మాట్లాడుకోవడం ఆమెకు కొత్తగా ఉన్నట్టుంది, తినడం ఆపి మధ్యలో ఒకసారి కాలివైపు చూసుకుంది. నేను మంచం మీద జరిగి, రెండో దిండు గోడవైపు వేశాను. ఆమె వచ్చి పడుకుంది. నా కుడికాలు, ఆమె ఎడమకాలు దిండ్ల మీద పక్కపక్కన ఉన్నాయి.

ఫోన్ మోగింది. మా ఆయన. కార్ఖానా నుంచి భోజనానికి ఇంటికొచ్చినట్టున్నాడు, వెనక నల్లా చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మ గాడికొచ్చిందా? పొయ్యి మీద ఏం లేదు. ఎప్పుడొస్తదట?"

ఫోన్ చెవి నుంచి తీసి మా అత్తను అడిగాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"ఆరు వారాలని చెప్పు" అంది.

"డాక్టర్ ఇంక సూడనే లేదు గదా అత్తమ్మా."

"సూసినంక గూడ గంతే అని చెప్పు."